‘ఎ’ సినిమా ఇంటికొచ్చే దారి

మలయాళ చిత్రం ‘మార్కో’ 2024 డిసెంబరులో ‘ఎ’ సర్టిఫికెట్‌తో విడుదలైంది. 2025 జనవరి 1న తెలుగు డబ్బింగ్ మన థియేటర్లకు వచ్చింది. ఫిబ్రవరిలో ఓటీటీకి చేరింది. హాల్లో చూపని దృశ్యాలు కూడా అందులో ఉంటాయని ప్రచారం జరిగింది కానీ, చివరికి వచ్చింది థియేటర్ వెర్షనే. ఆ తర్వాత టీవీలో వేసుకోవడానికి వీలుగా యు/ఎ ఇమ్మని నిర్మాతలు అడిగితే సెన్సార్ బోర్డు కుదరదంది.

పద్దెనిమిదేళ్లు నిండిన మనిషి ఆ సినిమాను హాల్లో చూడవచ్చు, ఫోన్లో చూడవచ్చు. అదే మనిషి తన ఇంట్లో శాటిలైట్ ఛానల్లో చూడటానికి మాత్రం వీల్లేదు. డిస్కు వేసి అమ్మాలనుకుంటే దాని అట్టపెట్టె మీద బోర్డు సర్టిఫికెట్ ఉండి తీరాలి, లోపల బోర్డు చూసి ఒప్పుకున్న ప్రతే ఉండాలి. పెద్దల సినిమాను కోతల్లేకుండా ఇంటికి అమ్మవచ్చా అన్న వాదన నలభై ఏళ్లుగా సాగుతూ, ఇలా దారికో నియమంగా చిక్కుపడింది. చట్టాలన్నీ ప్రేక్షకుడి వయసు గురించే మాట్లాడతాయి. కాపలా మాత్రం హాలు గేటు దగ్గరే పెట్టాయి. వీడియో వచ్చాక ఆ గేటు లేకుండా పోయింది. దాని స్థానంలో ఎవరిని నిలబెట్టాలి? అమ్మేవాడినా, బోర్డునా, కన్నవాళ్లనా? ఒక్కో దేశం ఒక్కో జవాబు చెప్పింది. మన దేశమైతే ఒకేసారి నాలుగు జవాబులు చెబుతోంది.

హాలు గేటు దగ్గర మొదలైన నియమం

మన సినిమా సెన్సార్‌కు పునాది 1918 నాటి చట్టం. దాని కింద 1920లో మద్రాసు, బొంబాయి, కలకత్తా, రంగూన్‌లలో సెన్సార్ బోర్డులు ఏర్పడ్డాయి. పెత్తనం ఎక్కువగా పోలీసు కమిషనర్లదే. వలస ప్రభుత్వానికి పిల్లల మనసుల కన్నా తెల్లవాళ్ల పరువు మీద, రాజకీయ అలజడి మీద ఎక్కువ దిగులు. వయసు ప్రకారం విభజన 1949 సవరణతోగానీ రాలేదు. అందరికీ ‘యు’, పెద్దలకు ‘ఎ’. 1951లో కేంద్ర బోర్డు, మరుసటి ఏడాది సినిమాటోగ్రాఫ్ చట్టం వచ్చాయి. 1983లో పెద్దల తోడుతో పిల్లలు చూడదగ్గ ‘యు/ఎ’, ప్రత్యేక వర్గాలకు ‘ఎస్’ తరగతులు చేరాయి, బోర్డు పేరులోంచి ‘సెన్సార్’ పోయి ‘సర్టిఫికేషన్’ వచ్చింది. పేరు మారి నలభై ఏళ్లు దాటినా ఫిలింనగర్‌లో ఇప్పటికీ ‘సెన్సార్ అయిపోయింది’ అనే అంటారు. పని తీరు చూస్తే వాళ్లదే సరైన మాట.

ఈ చరిత్రలో కాసేపు ఆగవలసిన చోటు కె.ఎ. అబ్బాస్ కేసు. బొంబాయి, కలకత్తా, మద్రాసు, దిల్లీ నగరాల్లో కలిమిలేముల తేడా చూపుతూ ఆయన ‘ఎ టేల్ ఆఫ్ ఫోర్ సిటీస్’ అనే పదహారు నిమిషాల డాక్యుమెంటరీ తీశారు. వేశ్యావాటిక దృశ్యాలున్నాయని బోర్డు దానికి ‘ఎ’ ఇచ్చింది. ఆ దృశ్యాలు తీసేస్తే ‘యు’ ఇస్తామంది ప్రభుత్వం. అబ్బాస్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. విచారణ నడుస్తుండగా ప్రభుత్వం దిగివచ్చి కోత లేకుండానే ‘యు’ ఇస్తామన్నా, ఆయన కేసు వదల్లేదు. విడుదలకు ముందే సెన్సార్ చేయడం రాజ్యాంగానికి విరుద్ధం కాదా అన్న ప్రశ్నను ముందుకు తెచ్చారు. 1970లో ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా ధర్మాసనం సెన్సార్ చెల్లుతుందని తీర్పిచ్చింది. సినిమా మనసుల మీద తక్కిన కళలకన్నా బలంగా పనిచేస్తుంది కాబట్టి దాన్ని వేరుగా చూడవచ్చని చెప్పింది.

వయసువారీ విభజన, కోత అనే రెండు పనులు ఒకే చేతిలో ఉండవచ్చని ఆ తీర్పుతో ఖాయమైంది. విభజన అంటే ఈ సినిమా ఎవరికి తగుతుందో చెప్పడం. కోత అంటే సినిమాలో ఏం ఉండాలో చెప్పడం. పెద్దలకు మాత్రమే అని ముద్ర వేశాక ఇంకా కోయడం దేనికి? తార్కికంగా చూస్తే రెండూ ఒకచోట పొసగవు. మన పద్ధతిలో మాత్రం కోసి మరీ ‘ఎ’ ఇవ్వడం మామూలు సంగతి. బోర్డు పాటించే 1991 మార్గదర్శకాలు ‘ఎ’ సినిమాలకూ వర్తిస్తాయి. అందుకే ఇక్కడ ‘అన్‌కట్’ అన్న మాటకు పరాయి దేశాల్లో లేని బరువుంది. వేరే చోట్ల పిల్లల ప్రతికీ పెద్దల ప్రతికీ ఉన్న తేడాను ఆ మాట చెబుతుంది. ఇక్కడ పెద్దలు చూసే ప్రతికీ దర్శకుడు తీసిన ప్రతికీ ఉన్న తేడాను చెబుతుంది.

క్యాసెట్ తెచ్చిన తంటా

1982 ఆసియా క్రీడలతో రంగుల టీవీ వచ్చింది, వెంటే వీసీఆర్. ఊళ్లలో వీడియో పార్లర్లు, రోడ్ల మీద వీడియో కోచ్ బస్సులు, పెళ్లిళ్లకు అద్దె వీసీఆర్లు. సినిమా రంగం భయపడింది ముందు పైరసీకి, ఆ తర్వాతే అశ్లీలానికి. 1984లో రెండు సవరణలు జరిగాయి. కాపీరైట్ చట్టంలో 52ఎ సెక్షన్ చేర్చి, వీడియో క్యాసెట్ మీద బోర్డు సర్టిఫికెట్ నకలు, తయారుచేసినవారి పేరు, చిరునామా, హక్కుదారు అనుమతి ఉందన్న ప్రకటన తప్పనిసరి చేశారు. సినిమాటోగ్రాఫ్ చట్టంలో శిక్షలు పెంచారు. సర్టిఫికెట్ లేకుండా వీడియో ప్రదర్శిస్తే కనీసం మూడు నెలల జైలు, కనీసం 20 వేల రూపాయల జరిమానా. హాల్లో అదే తప్పు చేసినవాడికి ఇలాంటి కనీస శిక్ష లేదు.

ఇంత కఠినంగా ఉన్నట్టు కనిపించే ఈ చట్టంలో ఒక ఖాళీ ఉంది. శిక్షించేది ‘ప్రదర్శన’ను. పద్దెనిమిదేళ్లు నిండనివాడికి హాల్లో ‘ఎ’ సినిమా చూపితే నేరం. అదే కుర్రాడు క్యాసెట్ షాపుకెళ్లి ‘ఎ’ సినిమా అద్దెకు తెచ్చుకుంటే, వయసు అడగవలసిన బాధ్యత షాపు యజమాని మీద ఈ చట్టం పెట్టలేదు. అశ్లీల వస్తువుల అమ్మకానికి శిక్షాస్మృతిలో 292, 293 సెక్షన్లున్నాయి (ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలోకి వచ్చాయి). అవి పనిచేయాలంటే ముందు ఆ సినిమా అశ్లీలమని తేలాలి. బోర్డు సర్టిఫికెట్ ఉంటే అది అంత తేలిక కాదు. సర్టిఫికెట్ పొందిన సినిమాను ప్రదర్శించడం చట్టం సమర్థించిన పనిగా భావించే ఆస్కారముందని 1980లో రాజ్‌కపూర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే సర్టిఫికెట్ అమ్మేవాడికి ఒక కవచం. కోతల్లేని ప్రతిని అమ్మేవాడు ఆ కవచం విప్పేసి బజారులో నిలబడ్డట్టే. మన దగ్గర అన్‌కట్ డిస్కుల వ్యాపారం పైకి రాకపోవడానికి ఇదొక పెద్ద కారణం.

ఇంట్లో చూసుకునే డిస్కుకు సర్టిఫికెట్ ఎందుకని ఒక మ్యూజిక్ కంపెనీ అడిగింది. 2010లో దిల్లీ హైకోర్టు ఒప్పుకోలేదు. హాల్లో గుమిగూడకపోయినా, ఇళ్లలో విడివిడిగా కూర్చుని చూసేవాళ్లు కూడా ప్రజలేనని, వాళ్లు చూసే క్షణంలో జరిగేది ప్రదర్శనేనని తేల్చింది. ఈ తర్కాన్ని గుర్తుంచుకోవాలి. తొమ్మిదేళ్ల తర్వాత మరో హైకోర్టు దీనికి సరిగ్గా ఎదురుదిశలో నడిచింది.

బుల్లితెరకు మరో కత్తెర

కేబుల్ టీవీకి 1995లో చట్టం వచ్చింది. అయినా రాత్రి పొద్దుపోయాక ‘ఎ’ సినిమాలు వేసే అలవాటు ఛానళ్లలో కొనసాగింది. ప్రతిభా నైథానీ వేసిన వ్యాజ్యంలో 2005లో బొంబాయి హైకోర్టు దీన్ని అడ్డుకుంది. 2006లో కేబుల్ నియమాలు మార్చి, ‘యు’, ‘యు/ఎ’ ఉన్న సినిమాలే టీవీలో వేయాలన్నారు. అప్పటి నుంచి ‘ఎ’ సినిమాకు శాటిలైట్ ధర రావాలంటే నిర్మాత రెండోసారి బోర్డు గడప తొక్కాలి. మాటలు మ్యూట్ చేసి, దృశ్యాలు తీసేసి యు/ఎ తెచ్చుకోవాలి.

అంత చేసినా నమ్మకం లేదు. 2012 ఏప్రిల్‌లో ‘ది డర్టీ పిక్చర్’కు యాభైకి పైగా కోతలు చేయించుకుని యు/ఎ సంపాదించారు. ఆదివారం ప్రసారమని ఛానల్ ఊదరగొట్టింది. చివరి నిమిషంలో సమాచార శాఖ రాత్రి పదకొండు తర్వాత వేసుకోమని సలహా ఇవ్వడంతో ప్రసారం ఆగిపోయింది. బోర్డు సర్టిఫికెట్‌కు ప్రభుత్వమే విలువ ఇవ్వని సందర్భమిది. టీవీ మీద ఆంక్షకు ఉన్న సమర్థన కూడా చెప్పాలి. హాలుకు వెళ్లడం ఒక నిర్ణయం. డిస్కు కొనడం మరో నిర్ణయం. టీవీ మాత్రం తిప్పితే చాలు తగులుతుంది. ఈ తేడా నిజమే. సెట్‌టాప్ బాక్సులకు పిన్ నంబర్లు వచ్చాక ఆ తేడా ఎంత మిగిలిందన్నది ఎవరూ తీరిగ్గా పరిశీలించలేదు.

బ్రిటన్: ఇంటినే కొలమానం చేసిన చట్టం

వీడియోను ఒక ప్రత్యేక సమస్యగా గుర్తించి, దానికోసమే చట్టం చేసిన దేశం బ్రిటన్. 1980ల మొదట్లో అక్కడ వీడియోలకు వర్గీకరణ లేదు. చవకబారు హింసా చిత్రాలు మూలమూలనా దొరికేవి. పత్రికలు, మేరీ వైట్‌హౌస్ లాంటి ప్రచారకర్తలు గగ్గోలు పెట్టారు. విచారణకు తగినవంటూ ప్రాసిక్యూషన్ అధికారులు సినిమాల జాబితాలు కట్టారు. గ్రాహం బ్రైట్ అనే కన్సర్వేటివ్ ఎంపీ పెట్టిన ప్రైవేటు బిల్లు 1984లో వీడియో రికార్డింగ్స్ చట్టమైంది.

రెండు విషయాల్లో ఇది మన 1984 సవరణలకు పూర్తి భిన్నం. మొదటిది, వీడియో ఇంట్లో చూసే వస్తువన్న సంగతిని ప్రత్యేకంగా దృష్టిలో పెట్టుకోమని వర్గీకరించేవారిని చట్టమే ఆదేశించింది. దాంతో హాల్లో ఒక లెక్క, ఇంట్లో మరో లెక్క వచ్చింది. ‘ది ఎక్సార్సిస్ట్’ను హాళ్లలో వేసుకున్నారు. వీడియో సర్టిఫికెట్ 1999 దాకా దక్కలేదు. ‘స్ట్రా డాగ్స్’ కోతల్లేకుండా ఇంటికి రావడానికి 2002 దాకా పట్టింది. రెండోది, నేరం అమ్మకం దగ్గర పెట్టారు. 18 ముద్ర ఉన్న క్యాసెట్‌ను చిన్నవాడికి ఇస్తే కౌంటర్ వెనకున్న మనిషే దోషి. మన చట్టం ఖాళీగా వదిలిన గడి ఇదే.

లైంగిక దృశ్యాలు బాహాటంగా ఉండే సినిమాలకు ఆర్18 అని వేరే తరగతి పెట్టి, లైసెన్సు ఉన్న సెక్స్ షాపుల్లోనే అమ్మాలన్నారు. ఆ షాపు నుంచి తపాలాలో పంపితే? కొనేవాడు స్వయంగా షాపుకు రావలసిందేనని 2005లో హైకోర్టు తేల్చింది. వయసు కళ్లతో చూసి నిర్ధారించాలన్నది దాని ఉద్దేశం.

2000 తర్వాత బ్రిటన్ వర్గీకరణ బోర్డు బీబీఎఫ్‌సీ వైఖరి మారింది. ప్రజాభిప్రాయం సేకరించి, పెద్దలు ఏం చూడాలో వాళ్లే నిర్ణయించుకోవాలన్న సూత్రాన్ని మార్గదర్శకాల్లో పెట్టింది. ‘ది ఈవిల్ డెడ్’ లాంటి పాత దోషులు కోతల్లేకుండా బయటికి వచ్చాయి. ఒక్క విషయంలో మాత్రం పట్టు సడలలేదు. లైంగిక హింసను రంజుగా చూపితే 18 కింద కూడా కోస్తామంటుంది. పెద్దల స్వేచ్ఛకూ ఒక గట్టు ఉండాలన్న ఈ మధ్యేమార్గం మీద అక్కడ వాదన ఇంకా ఆగలేదు.

ఈ చట్టానికి ఒక నవ్వులాట కూడా ఉంది. 1984లో దీన్ని యూరోపియన్ కమిషన్‌కు తెలియజేయడం మర్చిపోయారని 2009 ఆగస్టులో బయటపడింది. పావు శతాబ్దం పాటు జనాన్ని శిక్షించిన చట్టం అమలుకు పనికిరాదని తేలి, 2010 జనవరిలో దాన్నే మళ్లీ చేశారు. ఆ మధ్యనున్న నెలల్లో బ్రిటిష్ బాల్యం కూలిపోయిన దాఖలాలేవీ లేవు. దుకాణాలు స్వచ్ఛందంగానే పాత పద్ధతిలో నడిచాయి.

అమ్మే చోటును బట్టి: ఆస్ట్రేలియా, జర్మనీ

ఆస్ట్రేలియాలో వర్గీకరణ కేంద్రానిది, అమలు రాష్ట్రాలది. ఆర్18+ సినిమాల డిస్కులు పెద్దలకు దేశమంతా దొరుకుతాయి. నటన కాని, నిజమైన లైంగిక దృశ్యాలుండే ఎక్స్18+ వీడియోలను మాత్రం రాష్ట్రాల్లో అమ్మకూడదు. రాజధాని ప్రాంతంలో, నార్తర్న్ టెరిటరీలో అమ్మవచ్చు. కొని ఇంట్లో పెట్టుకోవడం చాలా చోట్ల నేరం కాదు. ఫలితంగా కాన్‌బెరా శివారు ఫిష్‌విక్ నుంచి తపాలా వ్యాపారం దశాబ్దాల పాటు సాగింది. బ్రిటన్ తపాలాను మూసేస్తే, ఆస్ట్రేలియాలో తపాలాయే దారి. ఒకే సామ్రాజ్యపు న్యాయ వారసత్వం, ఒకే సరుకు, రెండు వ్యతిరేక పరిష్కారాలు.

కోతల్లేని డిస్కు గురించి ఆస్ట్రేలియా నుంచి నేర్చుకోదగ్గ కేసు పసోలినీ తీసిన ‘సాలో’. 1976లో నిషేధించారు. 1993లో అనుమతించారు. 1998లో మళ్లీ నిషేధించారు. 2010లో డీవీడీగా ఆర్18+ ఇచ్చారు, అదీ ఒక షరతు మీద. సినిమాతో పాటు దాని నేపథ్యాన్ని వివరించే దాదాపు మూడు గంటల అదనపు సామగ్రి డిస్కులో ఉండాలి. ఒక్క ఫ్రేము కోయకుండా, పక్కన వ్యాఖ్యానం పెట్టి, ప్రమాదాన్ని తగ్గించవచ్చని ఒక బోర్డు ఒప్పుకోవడం అరుదు. హాల్లో సాధ్యం కాని ఈ వెసులుబాటు ఇంటి వీడియోకే ఉంది. ఇంటిని ఎప్పుడూ ముప్పుగా చూసే వాదానికి ఇది మంచి ఎదురు ఉదాహరణ.

జర్మనీ పద్ధతి వేరు. ఎఫ్ఎస్‌కే అనే వర్గీకరణ సంస్థ వయసు ముద్ర వేస్తుంది. ఆ ముద్ర లేనివాటిలో పిల్లలకు హానికరమనుకున్న సినిమాలను యువజన రక్షణ సంస్థ ఒక సూచీలో చేరుస్తుంది. సూచీలోని సినిమాను నిషేధించరు. పిల్లల కంటబడేలా ప్రదర్శనకు పెట్టకూడదు, ప్రకటన ఇవ్వకూడదు, వయసు నిర్ధారణ లేకుండా తపాలాలో పంపకూడదు. పెద్దలు బల్ల కింద నుంచి అడిగి తీసుకోవచ్చు. ప్రకటనే లేని సరుకు మార్కెట్లో బతకదు కనుక కంపెనీలే ముందుగా కోసేసి ఎఫ్ఎస్‌కే ముద్ర తెచ్చుకునేవి. జర్మన్ అభిమానులు సరిహద్దు దాటి ఆస్ట్రియాలో కోతల్లేని డిస్కులు కొనుక్కునేవారు. సూచీ నమోదు పాతికేళ్లకు దానంతటదే రద్దవుతుంది. నిషేధానికి గడువు తేదీ పెట్టడం ఈ మొత్తం చర్చలో నాకు కనిపించిన అతి తెలివైన నిబంధన. ఒక తరానికి భయంకరమైనది వచ్చే తరానికి కాలక్షేపం కావచ్చని జర్మన్ శాసనకర్తలు ముందే ఒప్పుకున్నట్టుంది.

అమెరికా: చట్టం లేని చోట దుకాణమే చట్టం

అమెరికాలో 1968 నుంచి నడుస్తున్న రేటింగులు పరిశ్రమ తనకు తాను పెట్టుకున్నవి. చట్టం బలం లేదు. 1990లో వచ్చిన, పెద్దలకే పరిమితమైన ఎన్‌సీ-17 రేటింగు వ్యాపారానికి శాపమైంది, బ్లాక్‌బస్టర్ లాంటి వీడియో గొలుసు దుకాణాలు ఆ సినిమాలను పెట్టుకోలేదు. విచిత్రంగా, ‘అన్‌రేటెడ్’ అని రాసిన డిస్కులకు అదే స్థాయి అడ్డు రాలేదు. అందుకే హాలుకు కోసిన ప్రతి, ఇంటికి కోయని ప్రతి అనే పద్ధతి స్థిరపడింది. 1999లో ‘ఐస్ వైడ్ షట్’లో కొన్ని దృశ్యాలను డిజిటల్ బొమ్మలతో కప్పి ఆర్ రేటింగు తెచ్చారు, కప్పని ప్రతి 2007లో డిస్కుగా వచ్చింది. మన ప్రశ్న అక్కడ తలకిందులైంది కూడా. కొన్ని సంస్థలు సినిమాలను శుభ్రం చేసి కోసిన డిస్కులు అమ్మితే, దర్శకులు కోర్టుకెళ్లి 2006లో ఆపించారు. అయితే ఇంట్లో కూర్చుని యంత్రంతో దృశ్యాలు దాటవేసుకోవడానికి 2005లోనే కాంగ్రెస్ చట్టం చేసింది. మన తెలుగు సినిమాల అమెరికా ప్రీమియర్లకు మన బోర్డు అనుమతితో చట్టపరమైన పనేమీ లేదు. లండన్‌లో వేయాలంటే మాత్రం బీబీఎఫ్‌సీ ముద్ర కావాలి.

వాదాల వరస

ఈ అనుభవాల వెనక స్థూలంగా మూడు ధోరణులు కనిపిస్తాయి. నాలుగోది వాటి మధ్య అడ్డంగా నడుస్తుంది.

రక్షణవాదులు ఇంటిని అతి బలహీనమైన చోటుగా చూస్తారు. గేటు లేదు, టికెట్ చించేవాడు లేడు, కన్నవాళ్లు పనికి వెళ్తారు. కాబట్టి సరుకు ఇంటికి చేరేలోపే వడగట్టాలి. 1984 నాటి బ్రిటిష్ చట్టం, మన 2006 టీవీ నియమం ఈ బడివే. వీరి బలం ఆచరణలో ఉంది: వయసు నిబంధన నిజంగా పనిచేసిన చోట్లు తక్కువ. వీరి బలహీనత ఏమిటంటే, పిల్లలకు తగినదే పెద్దలందరికీ ప్రమాణం అవుతుంది.

వర్గీకరణవాదులు బోర్డు చెప్పాలి తప్ప కోయకూడదంటారు. మన దగ్గర 2013 నాటి ముద్గల్ కమిటీ, 2016 నాటి శ్యామ్ బెనెగల్ కమిటీ వయసు మెట్లు పెంచమన్నాయి. బెనెగల్ కమిటీ ఇంకో అడుగు వేసి, ‘ఎ’ పైన ‘హెచ్చరికతో కూడిన ఎ’ అనే తరగతిని సూచించింది, సవరణలు చెప్పడం బోర్డు పని కాదంది. అదే ఏడాది ‘ఉడ్తా పంజాబ్’ కేసులో బొంబాయి హైకోర్టు పదమూడు మార్పులను ఒకటికి తగ్గించి దాదాపు ఇదే మాట చెప్పింది. 2023 సవరణ చట్టం యు/ఎ ని 7+, 13+, 16+ గా చీల్చింది. కోత జోలికి పోలేదు. ‘హెచ్చరికతో కూడిన ఎ’ని పక్కన పెట్టింది. కమిటీ నివేదికల్లోంచి సులువైనది ఏరుకుని కష్టమైనది వదిలేయడం మనకు కొత్త కాదు.

మూడో ధోరణి అమ్మకం మీద నియంత్రణ. సినిమాను తాకకు, అమ్మే చోటునూ తీరునూ కట్టడి చెయ్యి. ఆస్ట్రేలియా, జర్మనీ, బ్రిటన్ ఆర్18 ఇందులోకి వస్తాయి. ఇది సినిమాను బతకనిస్తుంది, కానీ దుకాణం లేని కాలంలో దీనికి కాళ్లు లేవు.

వీటిని అడ్డంగా కోసేది స్త్రీవాద విమర్శ. బూతుకూ హింసకూ మధ్య తేడా చూడాలంటుంది. నగ్నత్వానికి కత్తెర వేసి, ఆడవాళ్ల మీద హింసను యు/ఎ కింద వదిలేసే బోర్డును అది సూటిగా ప్రశ్నిస్తుంది. ‘బ్యాండిట్ క్వీన్’ కేసులో 1996లో సుప్రీంకోర్టు ఈ తేడాను గుర్తించింది. అత్యాచార దృశ్యం చూసేవాడిలో కోరిక రేపుతోందా, అసహ్యం రేపుతోందా అని అడిగింది. బోర్డు నిత్యం చేసే పనిలో ఈ ప్రశ్న తరచూ వినిపించదు. లైంగికత గురించి బడిపిల్లలకు చెప్పాలని వాదించిన ‘ఓఎంజీ 2’కు 2023లో ‘ఎ’ వచ్చింది, ఎవరి కోసం తీశారో వాళ్లే హాలుకు రాలేకపోయారు.

పక్కపక్కన పెడితే

కోత ఎవరు వేస్తారని చూస్తే, మన దగ్గర బోర్డు, బ్రిటన్‌లో పరిమితంగా బీబీఎఫ్‌సీ, జర్మనీలో మార్కెట్ భయంతో కంపెనీ, అమెరికాలో దుకాణాల భయంతో స్టూడియో. వయసు ఎవరు అడగాలని చూస్తే, బ్రిటన్‌లో అమ్మేవాడు, జర్మనీలో అమ్మేవాడూ తపాలా పంపేవాడూ, మన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం హాలు యజమాని మాత్రమే. కోతల్లేని ప్రతి పెద్దలకు చట్టబద్ధంగా ఇంట్లో దొరుకుతుందా అంటే, ఆ మూడు దేశాల్లోనూ ఏదో ఒక దారి ఉంది. మన దగ్గర డిస్కుకు లేదు, టీవీకి లేదు, ఓటీటీకి ఉండవచ్చు, ఉండకపోవచ్చు.

తేలని సంగతులు

ఆ ‘ఉండవచ్చు’ దగ్గరే ఇప్పటి చిక్కంతా ఉంది. ఇంటర్నెట్లో వచ్చేది వినియోగదారు కోరితే జరిగే ఫైళ్ల బదిలీ అని, అది సినిమాటోగ్రాఫ్ చట్టం చెప్పే ప్రదర్శన కాదని 2019లో కర్ణాటక హైకోర్టు అంది. డిస్కు పెట్టుకుని ఇంట్లో చూస్తే ప్రదర్శన అన్న దిల్లీ తీర్పు పక్కన దీన్ని పెట్టి చదవండి. షాపులో కొన్న డిస్కూ కోరి తెప్పించుకున్న ఫైలే కదా అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పడం కష్టం.

2021 ఐటీ నియమాలు ఓటీటీలకు స్వయంవర్గీకరణ అప్పగించాయి. 13+ నుంచి తల్లిదండ్రుల తాళం, ‘ఎ’కు నమ్మదగిన వయసు నిర్ధారణ ఉండాలన్నాయి. ఆ నియమాల్లోని 9వ నియమంలో నీతి నియమావళికి కట్టుబడమనే భాగాలను ఆ ఏడాది ఆగస్టులోనే బొంబాయి హైకోర్టు నిలిపివేసింది. వయసు నిర్ధారణ పేరుతో నడుస్తున్నది చాలాచోట్ల ఒక బటన్ నొక్కడమే. ఇంకోవైపు అశ్లీలం పేరుతో 2024 మార్చిలో 18, 2025 జూలైలో 25 ఓటీటీ వేదికలను సమాచార శాఖ మూయించింది. 2024 మార్చిలోనే ‘కాలేజ్ రొమాన్స్’ వెబ్ సిరీస్ కేసులో సుప్రీంకోర్టు మోటు మాటలన్నీ అశ్లీలం కాదని చెప్పింది. మొత్తం మూసేయడానికీ మొత్తం వదిలేయడానికీ నడుమ ప్రభుత్వం చేతిలో పనికొచ్చే పనిముట్టేదీ ఉన్నట్టు కనిపించదు.

అప్పీలు సంగతి మరోటి. అబ్బాస్ కేసు సమయంలో సరైన అప్పీలు వ్యవస్థ పెడతామని ప్రభుత్వం కోర్టుకు మాటిచ్చింది. దాని ఫలితంగా 1983లో వచ్చిన ట్రిబ్యునల్‌ను 2021లో రద్దు చేశారు. ఇప్పుడు నేరుగా హైకోర్టే దిక్కు. 2025లో ‘కూలీ’కి వచ్చిన ‘ఎ’ను యు/ఎ చేయమని నిర్మాతలు మద్రాసు హైకోర్టుకు వెళ్తే పిటిషన్ కొట్టేశారు, అప్పటికే సినిమా రెండు వారాలు ఆడేసింది. పవన్ కల్యాణ్ ‘ఓజీ’ కూడా ‘ఎ’తోనే వచ్చింది. పెద్ద హీరోల సినిమాలకు ‘ఎ’ రావడం మామూలవుతున్నకొద్దీ, గేటు దగ్గర పిల్లల్ని నిజంగా ఆపుతున్నారా అన్న పాత ప్రశ్న కొత్తగా కరుస్తుంది.

చివరిగా, 2023 చట్టంలో ఒక చిన్న వాక్యం. ‘ఎ’ సినిమాలను టీవీలోగానీ, ప్రభుత్వం నిర్దేశించే ‘ఇతర మాధ్యమాల్లో’గానీ వేయాలంటే వేరుగా సర్టిఫికెట్ తీసుకోవాలని, అందుకోసం బోర్డు కోతలు సూచించవచ్చని అది చెబుతోంది. ఆ ‘ఇతర మాధ్యమాల’ జాబితాలోకి రేపు ఓటీటీని చేరిస్తే, కోతల్లేని ‘ఎ’ సినిమా చట్టబద్ధంగా ఇంటికి రాగల చివరి దారి కూడా బోర్డు గదిలోంచే వెళ్తుంది. చేర్చకపోతే, హాల్లో తీసేసిన దృశ్యాన్ని ఓటీటీ తన సొంత ‘ఎ’ కింద పెట్టుకోవచ్చా అన్నది ఒక కోర్టు తేల్చవలసి ఉంటుంది. అప్పుడు దిల్లీ తీర్పు, కర్ణాటక తీర్పు రెండూ ఒకే బల్ల మీదికి వస్తాయి.